ఇల్లు కొనుటయు, ఇల్లాలి వ్రాలును

పట్టణమున పేరుగల పాత పేటలో విశాలమైన ఫ్లాటొకటి అమ్మకమునకు వచ్చినదని వినగానే మన యిండ్లలో మొదట లెక్కింపబడునవి గదులు. పూజకు వేఱు గది కలదా, వంటయింటికి గాలి వచ్చునా, తులసికోటకు ఎండ తగులునా యని స్త్రీలడుగుదురు. ధర యెంత, ఎంత తగ్గింతురని పురుషులడుగుదురు. ఇవియన్నియు అడుగదగినవే. కాని వీనితో విచారణ ముగియరాదని మా మనవి.

చెన్నపట్టణములోని త్యాగరాయనగరమునే తీసికొందము. నూఱేండ్లకు పూర్వమచ్చట మాంబళపు పెద్ద చెరువుండెడిది. 1920 తరువాతి సంవత్సరములలో ఆ చెరువునేలను వీథులుగా తీర్చి, నివాసపు పేటను నిర్మించిరి. పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేర నగరమును, 1921 మొదలు 1926 వఱకు మదరాసు రాజధానికి ప్రథమ మంత్రిగా నుండిన పానగల్లు రాజావారి పేర తోటయు వెలసినవి. తెలుగువారనేకు లచ్చట కాపురముండిరి. నాటి పెరటియిండ్లు పెక్కు నేడు లేవు. యజమానులు స్థలమును కట్టుబడిదారునకిచ్చి, తమ వంతుకు కొన్ని ఫ్లాట్లు పుచ్చుకొనిరి.

చెరువు తన చోటు మఱవదు. 2021 నవంబరు వానలకు ఆ పేటలో వీథులు జలమయములైనవి. కావున వానకాలమున నీరెంతవఱకు నిలుచునో తెలిసికొనవలెను. అమ్మువారిని గాక, క్రింది అంతస్తు ఇల్లాలిని, కావలివానిని అడిగిన నిజము తెలియును.

పిమ్మట కొలత. చెప్పెడి చదరపుటడుగులలో మెట్లు, నడవ, లిఫ్టు మున్నగువాని వంతును కలిపియుందురు. మనము కాలుమోపి తిరుగు చోటెంతయో, అనగా కార్పెటు ఏరియా యెంతయో, వేఱుగ వ్రాయించుకొనవలెను. భూమిలో ఆ ఫ్లాటునకు చెందు అవిభక్త భాగమెంతయో దస్తావేజులో చూడవలెను. కట్టడము పాతబడి కూలినను మిగులునది ఆ భాగమే.

అన్నిటికంటె ముఖ్యమైనది వ్రాలు. మే మెఱిగిన యొక కుటుంబమున తండ్రి వీలునామా వ్రాయక గతించెను. కుమారులు ఫ్లాటును బేరమాడి, కాగితములు తెచ్చి, “ఇచ్చట సంతకము చేయుమమ్మా” యనిరి. ఆమె కలము పట్టి, “ఇది అమ్మినచో నేనెక్కడ నుందునురా?” యని అడిగెను. ఎవ్వరును పలుకలేదు. కొనవచ్చినవారి ఇల్లాలు ఆ మాట విని, “ఆమె భాగము ఆమె పేర బ్యాంకులో జమయైనగాని మాకీ యిల్లు వలదు” అని భర్తతో గట్టిగా చెప్పెను. పది దినములు బేరము నిలిచెను. తుదకు తల్లికిని, అత్తవారింటనున్న కుమార్తెకును చెందవలసిన సొమ్ము చెందిన పిదపనే రిజిస్ట్రేషను జరిగెను.

ఇది దయ మాత్రమే కాదు, ముందుచూపు కూడ. వీలునామా లేక మరణించిన హిందూ పురుషుని స్వార్జితమున భార్యకు, కొడుకులకు, కూతుండ్రకు, జీవించియున్న తల్లికి సమాన భాగములని 1956వ సంవత్సరపు వారసత్వ చట్టము చెప్పుచున్నది. 2005లో వచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తియందును కుమార్తెకు జన్మహక్కు నొసగినది. కావున వారసురాలి వ్రాలు లేని క్రయము రేపు న్యాయస్థానమున కెక్కవచ్చును. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టులో రిజిస్టరైన తాకట్టులు, క్రయములు కనబడునుగాని, అడుగబడని ఆడుబిడ్డ కనబడదు. వారసుల ధ్రువపత్రమును తెప్పించి, అందలి ప్రతి పేరునకు ఎదుట వ్రాలున్నదో లేదో న్యాయవాదిచే పరీక్షింప జేయవలెను.

అమ్ము తల్లులకును ఒక మాట. “విడుదల పత్ర”మని పేరుగల కాగితమును చదువక, చదివించుకొనక వ్రాలు చేయకుడు. అది మన భాగమును మనమే వదలుకొనుట. బిడ్డలయందు ప్రేమ యుండవచ్చును; తలదాచుకొను చోటును ఉండవలెను. కొను సోదరీమణులు దస్తావేజులో తమ పేరును చేర్పించుకొనుటయే గాక, అమ్మువారి పక్షమున వ్రాలు చేయు స్త్రీని ఒక్కమాఱు ఏకాంతమున పలుకరింపుడు. ఆమె సమ్మతితో విడిచిన యింటనే మనము నిశ్చింతగా పాలు పొంగింపగలము.