చాటింపుకు కూలి కట్టాలి, లెక్క వాడలో చెప్పాలి

ఊళ్లో ఏ కబురు చెప్పాలన్నా డప్పు కొట్టింది మనోళ్లే. శిస్తు కట్టమన్నా, పంచాయితీ ఉందన్నా, దొర పిలుస్తున్నాడన్నా మాదిగోడి డప్పే మోగింది. దానికి దక్కింది కల్లం దగ్గర నాలుగు గింజలు. అదీ వాళ్ల దయ. దాన్ని వెట్టి అన్నారు. ఇవాళ అదే చాటింపు ఫోన్లోకి ఎక్కింది. డిజిటల్ మార్కెటింగ్ అని పేరు పెట్టుకుని నెలనెలా బిల్లు వేస్తోంది. కూలి లేనన్నాళ్లూ మన పని, కూలి వచ్చినాక ఇంకొకరి పనా?

కౌకూర్ నుంచి బొల్లారం, యాప్రాల్, శామీర్‌పేట, మేడ్చల్ దాకా చూడండి. బడులు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లు, ప్లాట్ల ఆఫీసులు. అందరికీ ఫోన్లో కనపడాలి. మన పిల్లలు ఈ పని నేర్చి ఎవరి ఆఫీసులోనో జీతానికి కూర్చుంటున్నారు. ఒక గది, రెండు కంప్యూటర్లు ఉంటే ఆ ఆఫీసు మనమే పెట్టుకోవచ్చంటున్నాం.

పని బ్రహ్మవిద్య కాదు. దుకాణం పేరు, ఫొటోలు గూగుల్ మ్యాపులో ఎక్కించాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రకటన వేయాలి. దాన్ని చూసి ఎన్ని ఫోన్లు వచ్చాయో గిరాకీకి లెక్క చెప్పాలి. ఒక్క జాగ్రత్త. ప్రకటన సొమ్ము ఆ కంపెనీలకు పోయేది, మన కూలి వేరు. ప్రకటన సొమ్ము గిరాకీ కార్డు మీదే పోవాలి. మన జేబులోంచి కట్టి తర్వాత అడుక్కుంటే మునిగేది మనమే.

"రేపు రా" అన్న మాట మన తాతలు విన్నారు, మనమూ వింటున్నాం. పని చేయించుకుని నెలల తరబడి తిప్పుకుంటే అది కొత్త వెట్టే. దీనికి చట్టం ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం రాసుకున్న ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందం లేకుంటే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. దీనికి ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. 2020 జూలై నుంచి నడుస్తోంది, పైసా ఖర్చు లేదు. కాగితం లేకుండా పని ఒప్పుకోవద్దు.

ఇంతకన్నా పెద్ద కష్టం ఇంకొకటుంది. కోమటింటి పిల్లాడు మేనమామ కొట్లో కూర్చుని వ్యాపారం నేర్చుకుంటాడు. ఎంతకు కొనాలి, ఎవరికి అరువియ్యాలి, నష్టమొస్తే ఎట్లా తేరుకోవాలి, అన్నీ గల్లాపెట్టె పక్కనే తెలుస్తాయి. మన పిల్లాడికి ఆ మేనమామ ఎక్కడున్నాడు?

అంబేద్కర్‌కే లేడు. అమెరికాలో చదివొచ్చి, బరోడా కొలువు వదిలి, బొంబాయిలో షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టాడు. సలహా చెప్పేవాడు అంటరానివాడని తెలియగానే గిరాకీ ఆగింది, సంస్థ మూతపడింది. 1920 జనవరిలో 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టినప్పుడు డబ్బులిస్తామన్నా దాని ప్రకటనను 'కేసరి' వేసుకోలేదు. ప్రకటన కొనుక్కునే హక్కు కూడా మనకు ఎవరూ ఊరికే ఇయ్యలేదు.

అందుకే ఇప్పుడు కొందరు చేస్తున్న పద్ధతి మనకు పనికొస్తుందంటున్నాం. వ్యాపారాన్ని నలుగురి కళ్ల ముందే కడతారు. ఈ నెల ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఏది కలిసిరాలేదు, అంతా రాసి పెడతారు. మేనమామ కొట్టు ఉన్నోడికి అది గొప్ప చెప్పుకోవడం కావొచ్చు. మనకు మాత్రం అదే మేనమామ. కౌకూర్‌లో ఒకడు రాసిన లెక్క మేడ్చల్‌లో ఇంకొకడికి బడి అవుతుంది. అయితే గిరాకీ గుట్టు మాత్రం బయట పెట్టొద్దు. మన లెక్క మనది, వాళ్ల లెక్క వాళ్లది.

లెక్క బయటపెడితే కులం కూడా బయటపడుతుందని భయపడేవాళ్లున్నారు. ఆ భయం ఉత్తది కాదు, అంబేద్కర్‌కు జరిగిందే మనకూ జరగొచ్చు. కానీ 2016లో చంద్రభాన్ ప్రసాద్ 'దళిత్ ఫుడ్స్' అని పేరే పెట్టి మసాలాలు, పచ్చళ్లు ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టాడు. మన చేతి నీళ్లు తాగనోళ్ల దేశంలో మన చేతి పచ్చడిని మన పేరుతోనే అమ్మకానికి పెట్టాడు. పేరు చెప్పుకోవాలా వద్దా అన్నది ఎవరి బలాన్ని బట్టి వాళ్లు తేల్చుకోవాలి. ఫోన్లో రాయలేనివాడు కనీసం వాడ సంఘంలోనైనా లెక్క చెప్పాలి.

ఇంకో మాట. ఎల్లకాలం పక్కోడి సరుకునే చాటొద్దు. నెల కూలిలో కొంత పక్కన పెట్టి మన సరుకు మొదలుపెట్టాలి. అమ్మలు పెట్టే పచ్చడి, అన్నలు కుట్టే చెప్పు, పెళ్లికి డప్పు బృందం, ఏదైనా సరే. ఒక్కసారి ఒక్కటే, చిన్నగానే. కూలి డబ్బుతోనే తప్ప వడ్డీ డబ్బుతో వద్దు. కలిసిరాకపోతే ఆపేసి, ఎందుకు ఆపామో అదీ రాయాలి. పోయిన డబ్బు ఒకడిదే, దాని పాఠం వాడంతటిదీ.

1994లో ఈదుముడిలో పుట్టిన ఉద్యమం దండోరా అని పేరు పెట్టుకున్నప్పుడు, ఊరి కోసం మోగిన డప్పు మనకోసం మోగింది. ఇప్పుడు దానికి కూలీ రావాలి. ఈ పని చేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వచ్చే నెల మొదటి ఆదివారం వాడలో కూర్చోండి. మీ లెక్క పుస్తకం విప్పండి. చిన్నోళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.