మాత్ర ఇంటికొచ్చింది, సంగటి ఎక్కడికి పోయింది?

సంక్రాంతి ముందూ వెనకా రాయకోట నుంచి హోసూరుకు బస్సులో వచ్చేవాళ్లకు ఉద్దనపల్లి దగ్గర ఒక దృశ్యం తప్పకుండా కనబడుతుంది. తారురోడ్డు సగం మేర రాగి ఎన్నులు పరిచి ఉంటాయి. బస్సులు, లారీలు, చెరకు ట్రాక్టర్లు వాటిమీదనే పోతుంటాయి. ఒకప్పుడు కల్లంలో గుండు చేసిన పనిని ఇప్పుడు బస్సు చక్రాలు చేస్తున్నాయి. రోడ్డు పక్కన తలకు తువ్వాలు చుట్టుకొని ఒక రైతు, చేతిలో చీపురుతో ఆయన భార్య నిలబడి ఉంటారు.

మొన్న అట్లాంటి ఒక రైతును పలకరించి, పొద్దున ఏమి తిన్నారని అడిగాము. "ఇడ్లీ తింటి సార్, బస్టాండు దగ్గర" అన్నాడు. మధ్యాహ్నానికి? "అన్నమూ చారూ." మరి ఈ రాగులు? "రెండు మూటలు ఇంటికి, మిగిలింది మండీకి. ఆ రెండు మూటలు గూడా మా అమ్మకే సార్. మా పిల్లోళ్లు సంగటి ముట్టరు." ఆ మాట అని నవ్వి, చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించాడు. నలభై ఏడేళ్లకే సుగరు, బీపీ రెండూ ఉన్నాయి. డెబ్బై దాటిన వాళ్లమ్మకు మాత్రం రెండూ లేవు. ఒక్క ఇంటిని చూసి ఊరంతా ఇంతే అనడం సరికాదు, అది మాకూ తెలుసు. కానీ ఇట్లాంటి ఇండ్లు ఉద్దనపల్లి చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. మీ వీధిలోనే లెక్క పెట్టుకోవచ్చు.

ఇంటింటికీ మాత్రలు అందించే "మక్కళై తేడి మరుత్తువం" పథకాన్ని 2021 ఆగస్టు 5న ముఖ్యమంత్రి హోదాలో ఎం.కె.స్టాలిన్ మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే ప్రారంభించారు. ప్రజలను వెతుక్కుంటూ వైద్యం రావడమని దాని అర్థం. రక్తపోటు, చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఆరోగ్య కార్యకర్త ఇంటికే వచ్చి పరీక్ష చేసి మాత్రలిచ్చే ఏర్పాటు. 2024లో ఐక్యరాజ్య సమితి నుంచి దీనికి అవార్డు కూడా వచ్చింది. మంచి పథకం. కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని ఆస్పత్రి వరసలో నిలబడే బాధ చాలామందికి తప్పింది. అయితే మాత్ర గడప దాటి లోపలికి వచ్చింది గాని వంటింటిదాకా ఎవరూ రాలేదు. జబ్బుకు సగం కారణం అక్కడే ఉంది.

2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర జబ్బు ఉంది. పెద్దవాళ్లలో ఇది 11.4 శాతం. తమిళనాడులో ఇంకా ఎక్కువ, 14.4 శాతం. అంటే వందమంది పెద్దవాళ్లు కూర్చున్న పెండ్లి పంక్తిలో పద్నాలుగు మందికి పాయసం పనికిరాదు. వాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు అన్నది వేరే ప్రశ్న.

సంగటి పళ్లెంలోంచి ఎప్పుడు పోయింది? ఒక్క రోజులో పోలేదు. రేషన్ బియ్యం 2008 సెప్టెంబర్ 15 నుంచి కిలో రూపాయి అయింది. 2011 జూన్ నుంచి పూర్తిగా ఉచితమైంది. దాన్ని తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు. కరువు సంవత్సరాల్లో ఆ బియ్యమే ఎన్నో పొయ్యిలను వెలిగించింది. కానీ ఊరికే వచ్చే బియ్యం ఒకపక్క, విసిరి జల్లించి నీళ్లు మరిగించి తెడ్డుతో గెలకాల్సిన సంగటి ఇంకొకపక్క ఉంటే, పొద్దున్నే షిఫ్టు బస్సెక్కాల్సిన ఆడమనిషి ఏది వండుతుంది? దీనికి తోడు సంగటి అంటే పేదోళ్ల కూడు అన్న ముద్ర. చుట్టాలొస్తే సంగటి గిన్నెను చాటు చేసిన ఇండ్లు మాకు తెలుసు. ఇప్పుడు అదే సంగటిని బెంగళూరు హోటళ్లలో అరిటాకు మీద పెట్టి నాటుకోడి పులుసుతో అమ్ముతున్నారు. వారాంతంలో కార్లేసుకొని పోయి తినొస్తున్నదీ మనవాళ్లే.

సంగటి పోతూ పోతూ తనతో చాలావాటిని తీసుకుపోయింది. అసలు నష్టం అదే. ఒకప్పుడు రాగిచేలో రాగి ఒక్కటే ఉండేది కాదు. సాళ్ల నడుమ అనపలు, అలసందలు, ఆవాలు, ఆముదాలు వేసేవాళ్లు. కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్లు ఒడినిండా గురుగాకు, దొగ్గలాకు, చెంచలాకు గిల్లుకొని వచ్చేవాళ్లు. అదే రాత్రికి కలగూర. చలికాలం వస్తే అనపకాయలు, పితికిపప్పు. మిగతా రోజుల్లో ఉలవచారు. నిన్నటి సంగటి మజ్జిగలో పిసికి, ఎర్రగడ్డ కొరుక్కుంటే పొద్దున సద్ది అయిపోయె. పప్పూ ఆకూ గింజా మజ్జిగా అన్నీ ఆ చేలోంచి, ఆ కొట్టంలోంచే వచ్చేవి. ఇప్పుడు చేలో కలుపుమందు కొడుతున్నారు. మందు కొట్టిన చేలో గురుగాకు ఎక్కడిది? టమోటా రాయకోట మార్కెట్టుకు, క్యాబేజీ, రోజాపూలు బెంగళూరుకు పోతాయి. పండించినవాడి ఇంట్లో అన్నం కుప్ప, నీళ్లచారు, ఊరగాయ, పక్కన ఒక అప్పళం. కడుపు నిండుతుంది, నిజమే. పళ్లెంలో ఉన్నది మాత్రం దాదాపు ఒకటే సరుకు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది మన తమిళనాడులోనే అని చాలామందికి తెలియదు. 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో, బెరిబెరి అనే జబ్బు మీద పరిశోధన కోసం అది మొదలైంది. 1958లో హైదరాబాదుకు మారింది. బెరిబెరి ఎందుకొస్తుంది? బియ్యాన్ని తెల్లగా మర పట్టించి, తవుడుతోబాటు బీ1 విటమిన్‌ను పారబోసుకొని, వేరే ఆహారం పెద్దగా లేకుండా ఆ బియ్యమే తింటే వస్తుంది. అప్పట్లో సర్కారు జిల్లాల తెలుగువాళ్లను అది బాగా పీడించింది. తెల్లబియ్యం మోజు మనకు కొత్తదేమీ కాదు.

ఆ సంస్థ లెక్కల ప్రకారం నూరు గ్రాముల రాగుల్లో 340 నుంచి 365 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది మిల్లీగ్రాములు ఉంటే ఎక్కువ. పీచు రాగుల్లో 11 గ్రాములైతే, తెల్లబియ్యంలో మూడు గ్రాములు కూడా లేదు. పీచు ఎక్కువున్న తిండి నిదానంగా అరుగుతుంది, ఆకలి తొందరగా వేయదు. పొద్దున సంగటి తిని మధ్యాహ్నం దాకా మడక దున్నిన తాతలకు ఈ లెక్కలు తెలియవు, కడుపుకు తెలుసు.

అట్లని రాగి మందు కాదు. ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే మా ఇంట్లోనే దెబ్బ తిన్నాము. మా అవ్వకు సుగరు అని తేలినప్పుడు, అన్నం తగ్గించి రాగి తినమని చెప్పి పంపించారు. చెప్పింది తమిళంలో, అదీ రెండు నిమిషాల్లో. అవ్వ ఆ మాటను అక్షరాలా పాటించింది. పొద్దున ఒక చెంబు రాగి గంజి, పదకొండు గంటలకు ఇంకో చెంబు, సాయంత్రం ఒకటి. రుచికి ఇంత బెల్లం. బెల్లం సక్కెర కాదు గదా అని ఆమె ధైర్యం. రాత్రికి రెండు ముద్దల సంగటి. మూడు నెలల తర్వాత పరీక్ష చేస్తే సుగరు తగ్గకపోగా ఇంకా పెరిగింది. "ఏమిరా, రాగి తింటే సుగరు రాదని చెప్తిరే!" అని మా మీద కోపగించుకొనింది. తప్పు ఆమెది కాదు. రాగిలో కూడా సుమారు మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. పలుచగా కాచిన గంజి ముద్దకంటే తొందరగా రక్తంలో చేరుతుంది. బెల్లమైనా చక్కెరైనా చక్కెర జబ్బుకు ఒకటే. ఒక ముద్ద సంగటి, దానికి సమానంగా ఆకుకూర, పప్పో ఉలవలో గుడ్డో ఉంటే అది భోజనం. ఈ మాట తెలుగులో, కాస్త కూర్చోబెట్టి చెప్పి ఉంటే అవ్వకు ఆ మూడు నెలలు వృథా అయ్యేవి కావు. అంగళ్లలో అమ్మే రాగి బిస్కెట్ల సంగతీ అంతే. పొట్లం వెనక చదివితే చాలావాటిలో మైదా, చక్కెర ముందు వరసలో ఉంటాయి.

ఇంకొక తమాషా మన దగ్గర జరుగుతుంది. పరీక్షకు పోయే ముందు రెండు రోజులు కొందరు మహా నియమంగా ఉంటారు. రాత్రిపూట ఒక చపాతీ, అంతే. రీడింగు బాగా వస్తే ఆ సంతోషంలో హైవే మీద ఆంబూరు బిర్యానీ బోర్డు దగ్గర బండి ఆపుతారు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుంది, హెచ్‌బీఏ1సీ. దాన్ని రెండు రోజుల చపాతీతో మోసం చేయలేము.

దీనికి సరిగ్గా ఎదురు పొరపాటు ఇంకా ప్రమాదం. సుగరు మాత్ర వేసుకొని తిండి మానేయడం. షిఫ్టుకు ఆలస్యమైందని, శనివారం ఒక్కపొద్దు అని, పని ఒత్తిడి అని. కొన్నిరకాల మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు అట్లా చేస్తే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికి, కండ్లు తిరిగి పడిపోతారు. అప్పుడు మాత్రం చక్కెరో బెల్లమో వెంటనే నోట్లో వేయాలి, స్పృహ ఉంటేనే. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ల పత్యం మళ్లీ వేరు. వాళ్లు రాగి, పప్పు, ఆకుకూర ఎంత తినాలో డాక్టరును అడిగే తినాలి.

ఇక ఆడవాళ్ల పళ్లెం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడులో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 53.4 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. సగానికి పైగా! అందరికీ వడ్డించి చివర్లో గిన్నె గీరుకొని తినే అలవాటు ఇంకా పోలేదు. గిన్నెలో అడుగున మిగిలేది చారే గాని పప్పు కాదు. దానిమీద వెంటనే ఒక టీ. తిండితోబాటు టీ, కాఫీ తాగితే ఆకుకూరల్లో, గింజల్లో ఉన్న ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. గంట ఆగి తాగవచ్చు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. రాగుల్ని మొలకట్టి ఎండబెట్టి పిండి పట్టిస్తే దానిలోని సత్తువ ఒంటికి ఇంకా బాగా పడుతుంది. పసిబిడ్డలకు అట్లా పిండి చేసి పెట్టింది మన అవ్వలే. ఖర్చు లేని పనులివి. కానీ ఎవరో ఒకరు వాళ్ల భాషలో చెప్పాలి.

మేము మళ్లీ మళ్లీ భాష దగ్గరికే వస్తున్నామని కొందరికి అనిపించవచ్చు. ఉద్దనపల్లి చుట్టూ ఊళ్లలో అరవై దాటిన ఆడవాళ్లలో చాలామందికి తెలుగు తప్ప వేరే మాట సరిగ్గా రాదు, చదువు అసలే రాదు. 2006లో వచ్చిన తమిళ భాషాభ్యసన చట్టం తర్వాత బడికి పోయిన మనవలు తమిళం చదువుతారు, తెలుగు మాట్లాడతారు. మందుల అట్ట మీద ఇంగ్లీషు, చీటీ మీద తమిళం, అవ్వ నోట్లో తెలుగు. "ఉణవుక్కు మున్" అని రాసిన మాత్రను తిన్న తర్వాత వేసుకునే ముసలివాళ్లను మేము చూశాము. ఇది తమిళం మీద ఫిర్యాదు కాదు. ఆ భాషలోనే చదువుకొని, ఆ భాషలోనే అర్జీలు రాసే వాళ్లము మేము. మాత్రలిచ్చే కార్యకర్త చాలా ఊళ్లలో ఆ ఊరి మనిషే, ఇంట్లో తెలుగో కన్నడమో మాట్లాడే మనిషే. ఆమె చేతికి బొమ్మలతో కూడిన ఒక తెలుగు కాగితం, తిండి గురించి చెప్పడానికి పది నిమిషాల సమయం ఇవ్వడం జిల్లా యంత్రాంగానికి పెద్ద పని కాదు.

రెండో అడగడం రేషన్ గురించి. 2023లో నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో ప్రయోగంగా కార్డుకు రెండు కిలోల బియ్యం బదులు రెండు కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టారు. రాష్ట్రంలో రాగికి పేరున్న కృష్ణగిరి ఆ మొదటి జాబితాలో లేదు. ఇక్కడ కొని పక్క జిల్లాకు పంపించారు! 2004 ఫిబ్రవరి దాకా మనమూ ధర్మపురి జిల్లాయే, అది వేరే మాట. కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2022-23లో క్వింటాలుకు 3,578 రూపాయలు, 2025-26లో 4,886 రూపాయలు. ధర పెరిగింది. కొనుగోలు కేంద్రం ఊరికి దగ్గరగా, పంట చేతికొచ్చే రోజుల్లోనే తెరిస్తేనే ఆ ధర రోడ్డు మీద నిలబడిన ఆ రైతుకు చేరుతుంది. లేకపోతే మండీ వ్యాపారి చెప్పిందే ధర. బడిపిల్లలకు పొద్దున తిండి పెట్టే పథకం 2022 సెప్టెంబర్ 15న మదురైలో మొదలై, 2023 ఆగస్టులో రాష్ట్రమంతా ప్రభుత్వ ప్రాథమిక బడులకు విస్తరించింది. మన జిల్లా బడుల్లో ఆ పళ్లెంలో మన జిల్లా రాగి కనబడాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. సంగటి ముట్టని పిల్లోడు తోటి పిల్లలతో కూర్చుంటే రాగిదోసె రెండు తింటాడు.

రాగి పండే నేల ఉంటేనే ఈ మాటలన్నీ. 2023లో సిప్కాట్ కోసం భూములు తీసుకోవద్దని ఉద్దనపల్లి, అయర్నపల్లి, నాగమంగళం రైతులు ధర్నాకు కూర్చున్నారు. ఫ్యాక్టరీ జీతాలతో చదువుకున్న పిల్లలు మన ఇండ్లలోనే ఉన్నారు. ఫ్యాక్టరీలు వద్దని మేము అనము. కానీ ఏ పొలం పోతే ఏ పళ్లెం ఖాళీ అవుతుందో కూడా భూసేకరణ లెక్కల్లో ఒక గడి ఉండాలి.

ఆ రైతు తల్లిని కూడా పలకరించాము. రోడ్డు పక్కన చింతచెట్టు నీడలో కూర్చొని రాగులు చెరుగుతోంది. కొడుకు మాత్రల గురించి అడిగితే, "వాడు పొద్దున్నే ఇంట్లో తినడు నాయనా. నేను సంగటి జేస్తా, రేపటినించి ఇంట్లోనే తినమని మీరన్నా చెప్పండి" అనింది. చెప్పాము. ఆయన తల ఊపాడు. అప్పటికి రాయకోట బస్సొచ్చింది, రాగుల మీదుగా.