మాత్రలు పంచితే సరిపోదు

గర్భిణికి ఆశా కార్యకర్త ఐరన్ మాత్రలు ఇచ్చి వెళ్తుంది. అవి మొదలుపెట్టగానే మలం నల్లగా వస్తుంది. ‘ఈ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడతాడు’ అంటుంది అత్త. అంతటితో మాత్రలు అటకెక్కుతాయి. మలం నల్లబడటం మామూలేననీ, బిడ్డ రంగుకూ దానికీ సంబంధం లేదనీ, టీతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదనీ, నిమ్మరసం తోడైతే బాగా పడుతుందనీ మాత్రలిచ్చిన రోజే, ఆ అత్త ఎదుటే చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం కార్యకర్త తప్పు కాదు. అలా చెప్పడం ఆమెకు నేర్పని ప్రభుత్వాలదే తప్పు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మాత్రలేమో ఏళ్ల తరబడి పంచుతూనే ఉన్నారు.

జనానికి ఆరోగ్యం పట్టదనడం అన్యాయం. షుగర్ అని తేలగానే రాత్రిపూట అన్నం మానేసి చపాతీలకు మారినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. నాలుగు చపాతీలు, బంగాళాదుంప కూర తిని పథ్యం చేస్తున్నామనుకుంటారు. రాగిజావ ఎంత తాగినా షుగర్ పెరగదని నమ్మేవాళ్లూ తక్కువేం కాదు. ఎంత తినాలో, పక్కన పప్పూ ఆకుకూరా ఎంత ఉండాలో చెప్పేవాళ్లు లేకనే యూట్యూబ్ వైద్యుల మాట వేదమవుతోంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో 17 సూత్రాలతో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలంది. మంచి మాటే. కానీ రేషన్ బియ్యంతో నెట్టుకొచ్చే కూలీ ఇంట్లో అదెలా సాధ్యం? పెరటి మునగాకు, సంతలో చవగ్గా దొరికే తోటకూర, గుప్పెడు కందిపప్పుతో ఆ పళ్లెం ఎలా నింపాలో చూపగలిగేది అంగన్‌వాడీ కార్యకర్తే. శిక్షణ పేరుతో స్లైడ్లు చూపించి సంతకాలు తీసుకుంటే ఆమెకు ఆ నేర్పు రాదు.

శిక్షణను పొయ్యి దగ్గరికి తేవాలి. ఎదుటివారి భయం పూర్తిగా వినడం, వాళ్లు వండుకునే కూరతోనే మాట మొదలుపెట్టడం సాధన చేయించాలి. ఇళ్లకు వెళ్లే తీరికుండేలా రిజిస్టర్లు, యాప్‌ల భారం తగ్గించాలి. శిక్షణకు, ఇంటింటి సందర్శనకు రెండు రాష్ట్రాలూ బడ్జెట్‌లో విడిగా నిధులు చూపాలి. అంగన్‌వాడీ కేంద్రానికి గర్భిణితోపాటు అత్తనూ భర్తనూ పిలవడం తప్పనిసరి చేయాలి. చాలా ఇళ్లలో ఏం కొనాలో, ఎంత వండాలో తేల్చేది వాళ్లే.