సముద్రంలోకెళ్ళినా ఫ్లాంజి ఫ్లాంజే!

నడిసంద్రంలో చమురు లైనుకి బిగించే ఉక్కు ఫ్లాంజి, మీ ఊరి వాటర్ ట్యాంకు లైనుకి బిగించే ఉక్కు ఫ్లాంజి. విదేశం నుంచొస్తే కస్టమ్స్ లెక్కలో ఈ రెండూ ఒకటేనా, వేరేనా? ఇదేటి, మనకెందుకు అనుకోకండి. మన ఒడ్డు మీద బోల్డంత డబ్బు, కొన్ని ఉద్యోగాలు ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతన్నాయి.

విశాఖ తీరానికి ముడి చమురు తెచ్చే అతి పెద్ద ఓడలు సముద్రంలోనే బోయాకి కట్టుకుంటాయి. అక్కడ్నుంచి తేలే రబ్బరు గొట్టాలు, నీటడుగు పైపుల్లోంచి చమురు ఒడ్డుకొస్తది. కాకినాడ ఎదురుగా కేజీ బేసిన్‌లో ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు 2024 జనవరిలో చమురివ్వడం మొదలెట్టింది. ఇలాంటి చోట పైపుకీ పైపుకీ మధ్య ఎల్బోలు, ఫ్లాంజీలు, కప్లింగులు లేకుండా పని నడవదు.

అసలు మెలిక ఇక్కడే. "ఇది చమురు బావి కోసమే చేయించినాం, కాబట్టి డ్రిల్లింగ్ యంత్రం భాగం, 8431 కిందకి రావాల" అనిపిస్తది. అది కుదరదు. 7307లో ఉన్న పైపు ఫిట్టింగుల్ని టారిఫ్ పుస్తకం, 15వ సెక్షన్ 2వ నోట్‌లో, 'సాధారణ వాడకపు భాగాలు' అంది. 16వ సెక్షనేమో అలాంటివి యంత్రాల కింద మాకొద్దని తోసేసింది. అంటే ఎక్కడ బిగిస్తావన్నది కాదు, వస్తువేటన్నదే లెక్క. వాల్వయితే 8481. రబ్బరు గొట్టం 4009. దాని చివర్లకి ముందే ఫిట్టింగులు బిగించి వస్తే అవీ గొట్టంతోటే పోతాయి.

మరి చమురు పనులకి సుంకం మినహాయింపు లేదా? ఉంది. కానీ అది వేరే ప్రశ్న. కోడు వస్తువుని బట్టి, మినహాయింపు ప్రభుత్వ నోటిఫికేషన్ పెట్టిన షరతుల్ని బట్టి. ఈ రెండూ కలిపేసుకుంటేనే చిక్కు. 2011 నుంచి కోడు రాసుకుని సుంకం లెక్కేసుకోవాల్సింది దిగుమతి చేసుకునేవాడే. తప్పయితే రెండేళ్ళ దాకా, కావాలని దాచినట్టు తేలితే అయిదేళ్ళ దాకా వెనక్కెళ్ళి నోటీసివ్వొచ్చు. పెద్ద కంపెనీకి లాయర్లుంటారు. చిన్న సప్లయర్‌కి ఎవరున్నారు?

మద్దిలపాలెంలో రూము తీసుకుని కోచింగులకి తిరిగే శ్రీకాకుళం, విజయనగరం కుర్రోళ్ళని రోజూ చూస్తాను. వాళ్ళల్లో ఐటీఐ ఫిట్టర్లు చాలామందే. 7307 తెరిచి చూడండి: మొదట పోత పోసిందా, స్టెయిన్‌లెస్సా, మిగతా ఉక్కా? ఆ తర్వాత ఫ్లాంజా, మర ఉన్న ఎల్బోనా, బట్ వెల్డింగ్ చేసేదా? ఇవన్నీ ఫిట్టర్ చేత్తో పట్టుకుని చెప్పే సంగతులే. ఆఫీసులో కాగితం చూసి తేల్చడం కన్నా వాడి చూపే నిక్కం.

అందుకే నా మాట ఒకటే. పోర్టు, ఉక్కు, చమురు మూడూ ఉన్న ఈ జిల్లాలో ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకి టారిఫ్ చదవడం నేర్పాల. కస్టమ్స్ బ్రోకర్ల దగ్గర అప్రెంటిస్ అవకాశమివ్వాల. సర్కారు కదిలేదాకా మనం ఆగక్కర్లేదు. టారిఫ్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుద్ది. 73వ చాప్టర్ తెరిచి, ముందు నోట్సు చదవండి, తర్వాతే నంబర్లు.