మొటిమలు చిల్లర విషయమా?

పోయిన ఏడాది నవాబుపేట మండలంలో పొదుపు సంఘాల అప్పుల వివరాలు సేకరిస్తూ తిరిగాను. దేనికి తీసుకున్నారమ్మా అంటే విత్తనాలకు, బోరుకు, పిల్లల ఫీజులకు అని చెప్పేవారు. ఒక తల్లి మాత్రం కాసేపు తటపటాయించి, "బిడ్డ మొఖానికి" అంది. "గా లైటు వెడితె మొటిమలు పోతయన్నరు మేడం. మొఖం సాఫుంటెనే గద జూడనీకొచ్చినోళ్ళు ఒప్పుకునేది." ముప్ఫై వేలు. హైదరాబాదులో ఒక క్లినిక్కు, ఆరు సిట్టింగులు. పందొమ్మిదేళ్ళ ఆ అమ్మాయి చున్నీ ముఖం మీదికి లాక్కుని తలుపు వెనక నిలబడింది. మొటిమలు పోలేదు. వాటి చుట్టూ నల్లటి మచ్చలు కొత్తగా వచ్చాయి.

ఈ సంగతి చెబితే మన మిత్రులే కొందరు పెదవి విరిచారు. వరకట్న హత్యలు, బాల్యవివాహాలు ఉండగా మొటిమల గురించి రాయాలా అన్నారు. నా పేచీ వాళ్ళతోనే. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలను ఎదిరించాం. 2025 మేలో అవే పోటీలు హైదరాబాదుకు వస్తే మళ్ళీ నిరసన తెలిపాం. కిరీటం పెట్టుకున్న ముఖం గురించి అంత మాట్లాడినవాళ్ళం, పెళ్ళిచూపుల్లో వద్దనిపించుకున్న ముఖం గురించి ఎందుకు మాట్లాడం? కట్నం బేరం మొదలయ్యేది ఆ ముఖం దగ్గరే కదా. చాయ తగ్గితే తులం బంగారం పెరుగుతుంది. ఆ తల్లి వేసుకున్న లెక్క అదే. ఆమెది అమాయకత్వం అనుకుంటే మనకు ఊరు తెలియదన్నమాట.

కాంతితో చికిత్స అంటేనే మోసమని నేననడం లేదు. చర్మక్షయకు కాంతితో వైద్యం చేసినందుకు డెన్మార్కులో ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. (గాలీ వెలుతురూ మందే అని నమ్మిన కాలంలోనే మన అనంతగిరి కొండ మీద కూడా క్షయ ఆసుపత్రి వెలిసింది.) మొటిమల్లో పెరిగే సూక్ష్మజీవి పార్ఫిరిన్లనే పదార్థాలను తయారు చేస్తుంది. దాదాపు 415 నానోమీటర్ల నీలికాంతి వాటి మీద పడితే పుట్టే చురుకైన ఆక్సిజన్ ఆ జీవిని చంపుతుంది. సూత్రం సరే, ఫలితం సంగతేమిటి? 2016లో కోక్రేన్ సంస్థ 71 పరీక్షలను, మొత్తం 4,211 మందిని కలిపి పరిశీలించి, ఈ చికిత్సలకు నాణ్యమైన ఆధారాలు లేవని చెప్పింది. పైగా కొన్ని యంత్రాల తీవ్రమైన కాంతిని మన చర్మంలోని మెలనిన్ కూడా పీల్చుకుంటుంది. నల్లని, చామనఛాయ చర్మాల మీద మచ్చలు పడే ప్రమాదం అందుకే ఎక్కువ. ఈ మాట ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. ఆమె చూపించిన రంగుల కరపత్రంలో ఉన్నదేమో పాలలాంటి ముఖం.

ఇంకో సంగతి ఆ ఇంట్లోనే బయటపడింది. కిటికీలో నలిగిపోయిన ట్యూబు ఒకటి ఉంది. తెల్లబడతావని ఎవరో చెబితే మందుల దుకాణంలో కొన్నదట, ఏడాదిన్నర రాసిందట. తిప్పి చూస్తే స్టెరాయిడ్ క్రీము. అలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018 మార్చిలో కేంద్రం ప్రకటన ఇచ్చింది. ఇవి ఎక్కువకాలం రాస్తే చర్మం పలచబడుతుంది, మొటిమలు వాటివల్లే పుడతాయి, మానగానే ఇంకా విజృంభిస్తాయి. తెల్లదనం అమ్మినవాడు మొటిమలిచ్చాడు, మొటిమలు తీస్తానన్నవాడు మచ్చలిచ్చాడు. ఆరు సిట్టింగుల్లో ఒక్కసారైనా "అమ్మా, ముఖానికి ఏం రాస్తున్నావు?" అని అడిగారా అంటే లేదంది.

బెంజాయిల్ పెరాక్సైడ్ అనే సాదా పూతమందు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దొరకాలనీ, నెలకోసారైనా చర్మవైద్యులు మండలానికి రావాలనీ మనం ఎన్నడైనా అడిగామా? ఐసోట్రెటినాయిన్ మాత్రలు గర్భంలోని బిడ్డకు తీవ్ర హాని చేస్తాయి. పెళ్ళి కుదిరిన పిల్లకు వాటిని రాసేవాళ్ళు ఆ సంగతి చెప్పి తీరాలని పట్టుబట్టామా? ఊళ్ళో పెద్దవాళ్ళేమో "పెళ్ళయితే అవే పోతయి" అంటారు. పెళ్ళి కావాలంటే ముందు అవి పోవాలి. ఇక ఆ పిల్ల ఎటు పోవాలి?

వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పిచ్చింది. రశీదులున్నాయి, కరపత్రం ఉంది, ట్యూబును నేను కాగితంలో చుట్టి దాచాను. జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు రాసి పెట్టాం. దానికి ముఖం ఫోటోలు జతచేయాలి. రెండు నెలల్లో మూడుసార్లు వెళ్ళాను. "ఆ ఫోటోలు ఎవరెవరు చూస్తరు మేడం?" అని అడిగింది అమ్మాయి. ఇంకా ఒప్పుకోలేదు. తల్లి నెలనెలా కిస్తీ కడుతూనే ఉంది.