క్యూబెక్ గానసీమలో స్త్రీలు

1997లో విడుదలైన 'టైటానిక్' చలనచిత్రంలోని ప్రసిద్ధ గీతాన్ని వినని విద్యార్థులు అరుదు. దానిని ఆలపించిన సెలీన్ డియాన్ మాతృభాష ఆంగ్లం కాదు, ఫ్రెంచి. కెనడా దేశంలో ఫ్రెంచి మాట్లాడే ప్రజలు అత్యధికంగా నివసించే క్యూబెక్ రాష్ట్రంలో ఆమె 1968లో జన్మించింది. పద్నాలుగురు సంతానంలో కడగొట్టు బిడ్డ. 1981లో వెలువడిన ఆమె తొలి పాట రచనలో తల్లి థెరీస్ చేయి కూడా ఉంది. కుమార్తె కీర్తి దిగంతాలకు వ్యాపించింది. పద్నాలుగురు బిడ్డల్ని పెంచి, పాట కూడా కట్టిన ఆ తల్లికి మాత్రం సంగీత చరిత్రలో ఒక వాక్యానికి మించి చోటు దక్కడం కష్టం. ఫ్రెంచి కెనడా సంగీతాన్ని పరిశీలించేటప్పుడు మనం సాధారణంగా చేసే పొరపాటు ఇదేనని నా అభిప్రాయం. వేదిక మీద నిలిచిన స్త్రీని లెక్కిస్తాం. ఆ వేదికకు పునాదులు వేసినవారిని, అంటే ఇళ్లలో పాడినవారిని, మఠాలలో నేర్పినవారిని, ఉపోద్ఘాతంలోనే వదిలివేస్తాం.

ఆ పునాది చాలా పాతది. 1639లో ఫ్రాన్సు నుండి సముద్రం దాటి క్యూబెక్ చేరిన ఉర్సులైన్ సన్యాసినులు బాలికలకు అక్షరాలతోపాటు పాట కూడా నేర్పారు. ఆ తరువాత దాదాపు మూడు శతాబ్దాలపాటు అక్కడి ఆడపిల్లల సంగీత విద్యాభారాన్ని ప్రధానంగా మోసినవారు సన్యాసినులే. సిస్టర్ మేరీ స్టెఫాన్ 1932లో మాంట్రియల్ నగరాన ఒక ఉన్నత సంగీత పాఠశాలను నెలకొల్పింది. పూర్వాశ్రమంలో ఆమె పేరు ఎలెన్ కోతే. సన్యాసంతో ఆ పేరు మరుగున పడింది. ఆమె పెట్టిన పాఠశాలకు తరువాతి కాలంలో వేన్సాన్ దాందీ అనే ఫ్రెంచి స్వరకర్త పేరు వచ్చింది. నిర్మించినది ఒక స్త్రీ, పేరు ఒక పురుషునిది! ఇటువంటివి ఎవరో పన్నిన కుట్రలు కావు. పేరు ఆశించకపోవడమే సన్యాస ధర్మం. అయినా ఆ వినయం వల్ల చరిత్రలో ఏర్పడిన వెలితిని పూరించవలసిన బాధ్యత మనది.

మఠంలో సంగీతం నేర్పిన సమాజమే రంగస్థలానికి వెళతానన్న అమ్మాయికి ముఖం చాటేసింది. 1847లో షాంబ్లీలో పుట్టిన ఎమ్మా లాజునెస్ అసాధారణమైన గాత్రం కలది. విదేశానికి వెళ్లి పై చదువు సాగించడానికి మాంట్రియల్ నగరంలో ధనసహాయం కోరితే ఆదరణ లభించలేదు. నాటక వేదిక కులస్త్రీలకు తగదన్న భావం నాడు అంత ప్రబలం. ఆ కుటుంబం అమెరికాలోని ఆల్బనీ నగరానికి తరలివెళ్లింది. అక్కడి చర్చిలో పాడుతూ, ఆర్గన్ వాయిస్తూ కూడబెట్టిన ఆదరణే ఆమెను ఐరోపాకు పంపింది. 1870లో ఇటలీలోని మెస్సీనా నగరంలో ఒపెరా రంగప్రవేశం చేసి, 1872లో లండన్ కోవెంట్ గార్డెన్ రంగశాలలో ఆమె 'అల్బానీ'గా ప్రసిద్ధికెక్కింది. 1883లో మాంట్రియల్ వచ్చినప్పుడు అదే నగరం ఆమెకు బ్రహ్మరథం పట్టింది. ముందు కాదన్నవారే ముందుగా పూలమాలలు తెచ్చారేమో!

అల్బానీది రాజసభల గాత్రం. మేరీ ట్రావర్స్ది వంటింటి గాత్రం. నన్నడిగితే ఫ్రెంచి కెనడా సంగీతంలో అత్యంత మౌలికమైన ప్రతిభ ఈమెదే. 1894లో గాస్పే తీరంలోని న్యూపోర్ట్ గ్రామంలో జన్మించింది. గురువుల వద్ద కూర్చుని స్వరాలు నేర్చుకున్నది కాదు. ఫిడేలు, అకార్డియన్, మౌత్ ఆర్గాన్, మోర్సింగు ఇంట్లోనే అబ్బాయి. పదమూడేళ్ల ప్రాయంలో మాంట్రియల్ చేరి ఇళ్లలో పనిమనిషిగా కుదిరింది. తరువాత మిల్లులో పనిచేసింది. 1914లో ఎడ్వార్ బోల్డుక్‌ను వివాహమాడింది. పుట్టిన బిడ్డల్లో పలువురు పసితనంలోనే కన్నుమూశారు. సంసారం గడవక జానపద ప్రదర్శనలలో ఫిడేలు వాయించడం మొదలుపెట్టిన ఈ గృహిణి 1929లో గ్రామఫోను రికార్డులు ఇచ్చింది. 'వంటమనిషి' అనే అర్థం వచ్చే శీర్షికతో పాడిన పాట ఇంటింటా మారుమోగింది.

అప్పుడే ఆర్థిక మాంద్యం విరుచుకుపడింది. పనులు లేక కుంగిపోతున్న కార్మికులకు ధైర్యం చెప్పే పాటను ఆమె 1930లో పాడింది. పాత నాట్యపు బాణీల్లో నిరుద్యోగాన్ని, నిత్యజీవితంలోని ఇక్కట్లను హాస్యంగా ఇమిడ్చింది. చరణాల నడుమ మాటలు విడిచిపెట్టి, నాలుకను వేగంగా ఆడిస్తూ అర్థం లేని అక్షరాలను లయబద్ధంగా పలికేది. మృదంగ విద్వాంసులు జతులు పలకడం విన్నవారు దీనిని ఊహించుకోగలరు. ఆమె వాడిన భాష పామరమని పండితులు ఈసడించారు. ప్రజలు మాత్రం రికార్డులు కొన్నారు. ఆ రికార్డుల మీద ఉన్న పేరు 'మదాం ఎడ్వార్ బోల్డుక్'. అది భర్త పేరు. సన్యాసిని, ఒపెరా గాయని, పాటల రచయిత్రి, ముగ్గురిలో ఒక్కరైనా పుట్టింటి పేరుతో చరిత్రకెక్కలేదు.

నాదానికి స్త్రీ పురుష భేదమేమిటి, మంచి సంగీతమైతే చాలదా అని కొందరు ప్రశ్నించవచ్చు. నాదానికి భేదం లేదు. ఒప్పంద పత్రానికి ఉంది. క్యూబెక్‌లో వివాహిత స్త్రీకి సంపూర్ణమైన చట్టబద్ధ ప్రతిపత్తి 1964లో గాని లభించలేదు. అంతవరకు ఒప్పందాలకు భర్త అనుమతి అవసరమయ్యేది. రాష్ట్ర ఎన్నికల్లో స్త్రీలకు ఓటు హక్కు 1940లో వచ్చింది. 1941 ఫిబ్రవరిలో లా బోల్డుక్ క్యాన్సర్ వ్యాధితో మరణించింది. తరువాతి రాష్ట్ర సార్వత్రిక ఎన్నికలు జరిగింది 1944లో. ఓటరుల కష్టాలన్నీ పాడిన ఆమె ఆ శాసనసభకు ఒక్క సార్వత్రిక ఎన్నికలోనూ ఓటు వేయలేదు.

పాడడానికి అనుమతి దొరికిన చాలాకాలానికి గాని స్వరరచనకు గుర్తింపు దొరకలేదు. మిష్లీన్ కూలోంబ్ సేన్ మార్కూ 1938లో జన్మించింది. సన్యాసినులు స్థాపించిన ఆ వేన్సాన్ దాందీ పాఠశాలలోనే చదువుకొని, 1967లో ఐరోపాలో ఉన్నత విద్యకై ఇచ్చే 'ప్రి దూరోప్' పురస్కారాన్ని గెలుచుకుంది. పారిస్ వెళ్లి, టేపులతోను, విద్యుత్ పరికరాలతోను ధ్వనులను మలిచే నవీన సంగీతాన్ని అభ్యసించింది. తిరిగివచ్చి మాంట్రియల్ సంగీత కళాశాలలో ఆ విద్యను బోధించింది. మఠపు పాఠశాల నుండి విద్యుత్ ధ్వనుల ప్రయోగశాల దాకా సాగిన ఈ మార్గాన్ని చూస్తే, సన్యాసినులు కేవలం భక్తిగీతాలు నేర్పారన్న మాట ఎంత తొందరపాటో తెలుస్తుంది.

ఇటీవలి కాలంలో గాయనులకు కొదవ లేదు. 2000లో మారీ నికోల్ లెమ్యూ బెల్జియంలో జరిగే క్వీన్ ఎలిజబెత్ పోటీలో ప్రథమ స్థానం పొందింది. 1997లో వయొలిన్ విదుషి ఆంజెల్ దుబో కేవలం స్త్రీలతో 'లా పియెతా' అనే తంత్రీవాద్య బృందాన్ని ఏర్పరచింది. ఇవి హర్షించదగినవే. అయితే గానానికి దక్కుతున్న చప్పట్లు స్వరరచనకు దక్కాలంటే రచనలు మళ్లీ మళ్లీ వినిపించాలి. సేన్ మార్కూ 1985లో 46 ఏళ్లకే కన్నుమూసింది. లా బోల్డుక్ మరణించినదీ ఆ వయసులోనే. ఒకరి పాటలు రికార్డుల మీద నిలిచి ఊరూరా బ్రతికాయి. మరొకరివి వాద్యబృందాల కోసం రాసినవి. కాగితం మీది స్వరాలను ఒక బృందం పూనుకొని వాయిస్తే తప్ప అవి ఎవరి చెవినీ చేరవు. శతజయంతులకు ఎదురుచూడకుండా వాటిని ఏటి కచేరీల పట్టికలో చేర్చడం అక్కడి వాద్యబృందాలు వెంటనే చేయగలిగిన పని.