హద్దు గీతకు సర్కారే పూచీ పడాలి

పొలం గట్టు మీద నిలబడి ఫోను తీస్తే ఉపగ్రహ చిత్రం వస్తుంది. దాని మీద ఎర్రగీతలు, సర్వే నంబర్లు, మనం నిలబడ్డ చోట నీలిచుక్క. ఆ చుక్క పక్క రైతు చేలో కనబడిందా, తాతలనాటి గట్టు మీద అనుమానం మొలుస్తుంది. పాత గ్రామ నక్షను స్కాన్ చేసి, ఉపగ్రహ చిత్రం మీద పరిచి, వాట్సాప్‌లో పంపడం ఇవాళ రియల్ ఎస్టేట్ మధ్యవర్తికి పూట పని. ఇలాంటి పటాలకు ఉపయోగం లేకపోలేదు. కొనబోయే భూమి పక్కన డొంక ఉందో, చెరువు శిఖం ఉందో డల్లాస్‌లో కూర్చున్నవారు కూడా చూసుకోవచ్చు. అయితే వాటిని చూపి గట్టు జరపడాన్ని, కంచె పాతడాన్ని, ప్లాట్లు అమ్మడాన్ని ప్రభుత్వాలు ఇక ఉపేక్షించరాదు.

లెక్క చూస్తే సంగతి తేలిపోతుంది. మామూలు ఫోను జీపీఎస్ ఆరుబయట కూడా ఐదు మీటర్ల వరకు అటూ ఇటూ చూపడం సహజం. చదరంగా ఉన్న ఎకరం చేనుకు ఒక్కో పక్క దాదాపు 64 మీటర్లు. ఒక పక్క గీత ఐదు మీటర్లు జరిగితే సుమారు 8 సెంట్లు, తెలంగాణ లెక్కలో మూడు గుంటలకు పైగా, తెర మీద చేతులు మారిపోతుంది. ఇక పటం సంగతి. మైలుకు 8 అంగుళాల చొప్పున గీసిన నక్షలో అర మిల్లీమీటరు సిరాగీత నేల మీద నాలుగు మీటర్ల వెడల్పు. పాతబడి సాగిన కాగితం, అతికించడంలో జరిగిన పొరపాటు దీనికి అదనం. ఇంత తేడాను దాచుకుని, జుట్టంత సన్నని గీతతో హద్దు ఇదేననడం అక్షరాలా అరచేతిలో వైకుంఠం చూపడమే.

సెంటీమీటర్లలో కొలిచే సాధనాలు మన దగ్గర లేక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేకు డ్రోన్లు, రోవర్లు, వాటికి సవరణలు పంపే స్థిర కేంద్రాలు వాడారు. అయినా విస్తీర్ణం తగ్గిందని, ఇద్దరు ముగ్గురు రైతుల కమతాలను ఒకే నంబరు కింద చేర్చారని ఊరూరా ఫిర్యాదులు వచ్చాయి. అక్కడి భూయాజమాన్య హక్కు (ల్యాండ్ టైటిలింగ్) చట్టం మీద భయాలు రాజుకుని చివరికి 2024లో అది రద్దయింది. పరికరం ఎంత కచ్చితమైనదైనా, పక్క రైతును పిలవకుండా తీసిన కొలతను ఊరు ఒప్పుకోదన్నదే ఇందులోని పాఠం. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టమే నోటీసు ఇవ్వాలంది. నిర్ణయం నచ్చనివారికి మూడేళ్లలోగా సివిల్ కోర్టుకు వెళ్లే దారీ ఉంచింది. శాటిలైట్ కాలం వచ్చిందని ఆ మర్యాద వదిలేస్తే ఎలా?

తెలంగాణ 2025లో తెచ్చిన భూభారతి చట్టం రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలంటోంది. మంచి అడుగు. ఆ పటం దస్తావేజు వెనకాల కాగితంగా మిగిలిపోతే మాత్రం ప్రయోజనం సగమే.

రెండు ప్రభుత్వాలూ చేయాల్సింది స్పష్టం. ఇరుగుపొరుగు రైతుల సమక్షంలో కొలిచిన ప్రతి హద్దునూ అక్షాంశ రేఖాంశాలతో సహా అధికారిక పటంగా ఉచితంగా అందరికీ తెరిచి పెట్టాలి. ప్రతి గీత పక్కనా అది ఎప్పుడు, దేనితో కొలిచిందో, ఎంత తేడాకు అవకాశముందో, వివాదంలో ఉందో లేదో రాయాలి. కొలవని చోట గీతను చుక్కలుగానే చూపాలి. ప్రైవేటు యాప్‌లు ఆ పటాన్నే వాడుకోవచ్చు. సొంతంగా గీసినవైతే హద్దు నిర్ణయానికి చెల్లవని తెర మీదే పెద్ద అక్షరాల్లో చెప్పాలి. అలా చెప్పకుండా ప్లాట్లు అమ్మేవారిపై చర్య తీసుకోవాలి. మండలానికి సరిపడా సర్వేయర్లను ఇవ్వకపోతే ఇవన్నీ ఉత్తరువుల్లోనే ఉండిపోతాయి. దరఖాస్తు పెట్టి నెలల తరబడి ఎదురుచూసే రైతే ఫోనును నమ్ముకుంటాడు.

సర్వేయరు వచ్చి, ఇరుపక్షాలూ సంతకాలు చేసి, రాయి పాతేదాకా తెర మీది గీతను చూసి గడ్డపార పట్టవద్దని రైతులకు మా మనవి. ఆ రోజును త్వరగా తేవడం ప్రభుత్వాల బాధ్యత.